కటింగ్ బల్లకు ఇద్దరు పాటదారులు

మా వీధి చివర దర్జీ దుకాణంలో గుడ్డ కత్తిరించే మాస్టర్ని ఊరంతా 'సరే మాస్టర్' అనేది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇంకోటి ఉండే ఉంటుంది గానీ, అది ఆయన భార్యకు కూడా కాసేపు ఆలోచిస్తే తప్ప గుర్తురాదు. పెళ్ళి ఎల్లుండి, కోటు కావాలంటే సరే అంటాడు. ముందటేడు కుట్టిన పంట్లాం ఈ ఏటి పొట్టకు పట్టేలా చెయ్యమంటే సరే అంటాడు. ఒక చొక్కా గుడ్డ తెచ్చి ముగ్గురు పిల్లలకు కుట్టమన్నా సరే అన్నాడని చెప్పుకుంటారు. అది మాత్రం నేను నమ్మను; ఇద్దరు పిల్లలై ఉంటారు.

ఆయన సరే అన్నవాటిలో సగం జరిగే పనులు కావు. ఆ సగానికి ఆయన దగ్గర రెండో మాట ఉండేది: రేపు. నా కాళ్ళు అరిగినంత మేర నేను చూసిన ప్రతి ఊళ్ళోనూ దర్జీలు ఇంతే. గుడ్డను వెంట్రుక వాసి తేడా లేకుండా కొలుస్తారు, కాలాన్ని మాత్రం కంటి అంచనాతో కత్తిరిస్తారు. కాకపోతే మిగతా దర్జీలది వ్యాపార లౌక్యం, మా మాస్టర్‌ది అచ్చమైన మొహమాటం. ఎదుటి మనిషి ముఖం మీద 'వద్దు' అనే మాట ఆయన నోట జీవితంలో రాలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళ సామెత ఒకటి ఉంది. ఇంట్లో చిన్నపిల్లలు కూడా చదువుతారు కనుక ఇక్కడ రాయను.

దుకాణం యజమాని పోయాడు. ఆయన చిన్న కొడుక్కు దుకాణంతో పని లేదు, దుకాణం ఉన్న స్థలంతోనే పని. మిషన్లు, అద్దాలు, ఇస్త్రీ పెట్టెలు, బొత్తాల డబ్బాలు అన్నిటినీ కట్టగట్టి వేలం వేయించేస్తున్నాడు. మాస్టర్‌కి అందులో ఒక్కటే కావాలి: కటింగ్ బల్ల.

ఆ బల్ల గురించి చెప్పాలి. నిలువెత్తు మనిషి పడుకుని కాళ్ళు చాపుకునేంత పొడుగు. అంచు వెంట ఇత్తడి కొలబద్ద మేకులతో బిగించి ఉంటుంది. మాస్టర్ నడుముకు జబ్బు చేసి వంగలేకపోయిన ఏడు, పెద్ద యజమాని వడ్రంగిని పిలిపించి, మాస్టర్ని పక్కన నిలబెట్టి కొలిచి, బల్ల కాళ్ళ కింద దిమ్మలు వేయించాడు. జీవితమంతా జనాన్ని కొలిచిన మనిషిని ఒక వడ్రంగి కొలిచిన సందర్భం అదొక్కటే. అప్పట్నుంచీ నడుము వంచకుండా కత్తెర ఆడించగల చోటు ఆయనకు భూమ్మీద ఆ బల్ల ఒక్కటే. ఇంట్లో అన్నం తినే బల్ల మీద ప్రయత్నించాడు. ఒక చొక్కా కత్తిరించి రెండు రోజులు మంచం దిగలేదు. ఇంటి ముందుగదిలో సొంతంగా పని పెట్టుకుందామని, కాజాలూ హెమ్మింగూ భార్య చూసుకునేటట్టు, మొగుడూ పెళ్ళాం అనుకున్నారు. అదంతా జరగాలంటే ఆ బల్ల కావాలి. బల్ల రాకపోతే మాస్టర్ తన పనికి దణ్ణం పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని, దారిన పోయేవాళ్ళ చొక్కాల భుజాలు ఎక్కడ దిగజారాయో చూసుకుంటూ బతకాల్సిందే.

వేలం వేసేవాడు మాకు కొత్తవాడు కాదు. స్టేషన్ వెనక పాత గోదాంలో హాలు నడుపుతాడు. పెద్ద మనిషి, పెద్ద గొంతు, ఆ రెండింటికీ సరిపోయే కోట్లన్నీ మాస్టరే కుట్టాడు. వేలానికి ముందు వారం జేబు కుట్టు ఊడిందని దుకాణానికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఎక్కడ కుర్చీ ఖాళీగా ఉంటే అక్కడ నేనుండడం మామూలే.

"మాస్టర్, బల్ల మీద మీకు మనసుంది కదూ," అన్నాడు వేలం ఆయన.

"అబ్బే, మనసని కాదు సార్..."

"ఉంది. ఉంటే హాలుకి వచ్చి నేరుగా నా దగ్గరే పాడండి. ఆ ఫోన్లలో పాడే కంపెనీలున్నాయి చూడండి, వాటి జోలికి పోకండి. నా దగ్గర పాడితే నా కమీషనొక్కటే. వాళ్ళ ద్వారా పాడితే నాదీ కట్టాలి, దాని మీద వాళ్ళదీ కట్టాలి. ఒకే తలుపుకి ఇద్దరు కాపలావాళ్ళన్నమాట. ఇద్దరూ చెయ్యి చాపుతారు, తలుపు మాత్రం మీరే తోసుకోవాలి."

"మరి వాళ్ళని మీరెందుకు రానిచ్చారు సార్?"

"రానివ్వకపోతే కొనేవాళ్ళు రావట్లేదు మాస్టర్. ఏం చెయ్యను?"

ఇదీ వాళ్ళ కాపురం. ఇంట్లో కూర్చోబెట్టి భోజనం పెడుతూ వీధిలో తిట్టుకోవడం.

తర్వాత ఆయన గొంతు తగ్గించాడు, అంటే వీధి మలుపు దాకానే వినిపించేలా మాట్లాడాడు. "హాల్లో మీరు చెయ్యి ఎత్తొద్దు. పాత సామాను దళారులు మీ ముఖం చూశారంటే కావాలని ఎక్కిస్తారు. మన మధ్య ఒక గుర్తు. మీ కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే కదా ఉంటుంది. బల్ల వచ్చినప్పుడు దాన్ని ముక్కు మీదికి దించండి. అది ముక్కు మీద ఉన్నంతసేపూ మీరు పాటలో ఉన్నట్టే, ఎవరెంత పెంచినా మీ తరఫున నేను పై మెట్టు ఎక్కిస్తా. చాలనుకున్నప్పుడు తీసెయ్యండి. ఇది నా పాత ఖాతాదారులకి మాత్రమే చేసే మర్యాద."

"సరే సార్," అన్నాడు మాస్టర్.

ఇలాంటి రహస్యాలు వేలం ఉన్న ప్రతి చోటా ఉన్నాయి. ఒక రేవులో ముత్యాల వ్యాపారులు తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు నొక్కుకుంటూ బేరమాడడం చూశాను. ఇంకో చోట కొవ్వొత్తి ముక్క వెలిగించి, అది ఆరేలోపు ఎవరు ఆఖరున పలికితే వారిదే సరుకనేవారట. అది చదివాను, చూడలేదు. మనిషి పుట్టిన దగ్గర్నుంచీ ఎదుటివాడికి తెలియకుండా కొనడానికి పడినంత పాటు, అసలు కొనాలా వద్దా అని ఆలోచించడానికి పడలేదు.

ఆ సాయంత్రం అల్లుడు వచ్చాడు. కంప్యూటర్ల కంపెనీలో ఏదో ఉద్యోగం. ఏమిటని అత్తగారు ఒకసారి అడిగితే ఆయన చెప్పాడు, ఆవిడ మళ్ళీ అడగలేదు. ఫోను తీసి మామగారికి చూపించాడు.

"ఇదిగో మావయ్యా, మన బల్ల. చూశారా ఏం రాశారో. పాత గ్రామీణ శైలి భోజన బల్ల, చరిత్ర గల గీతలతో."

"ఆ గీతలు నావేనండీ," అన్నాడు మాస్టర్ నెమ్మదిగా. "కొత్తల్లో కత్తెర జారేది."

"ఇప్పుడవే దాని విలువ మావయ్యా. సరే, మీరు హాలుకి వెళ్ళినా వెళ్ళకపోయినా ఫోన్లోనే పాడండి. హాల్లో అందరూ ఒక గూటి పక్షులు. మీ ముఖం చూస్తే చాలు, ఎంత పిండొచ్చో తెలిసిపోతుంది. ఫోన్లో అయితే మీరు ఎవరో దేవుడికి కూడా తెలీదు. ఒక అంకె, అంతే."

"ఆయనెవరో ఎవరికీ తెలియకపోవడం మంచిదే బాబూ," అంది అత్తగారు కాజా కుడుతూ. "ఇవాళ కూడా ఇద్దరొచ్చి గుమ్మంలో కూర్చుని వెళ్ళారు, కోటేదని."

"తెర ఎర్రగా అయితే ఎవరో మీ మీద పాడినట్టు. పచ్చ బొత్తాం నొక్కండి. మళ్ళీ ఎర్రగా అయితే మళ్ళీ నొక్కండి. మనం అనుకున్న దాకా వెళ్ళండి, కొంచెం అటూ ఇటూ అయినా భయపడకండి. నేను ఆఫీసు నుంచి చూస్తుంటాను."

"సరే అల్లుడుగారూ."

అల్లుడు వెళ్ళాక ఆవిడ దారం కొరికి అడిగింది. "అక్కడ ఆయనకి సరే అన్నారు. ఇక్కడ ఈయనకి సరే అన్నారు. వేలం నాడు ఎవరి మాట వింటారండీ?"

"అల్లుడు కదా, చూస్తుంటానన్నాడు. ఫోన్లోనే పాడతాను. సార్‌కి అక్కడే చెప్పేస్తాలే, ఆ కళ్ళజోడు గుర్తు వద్దని."

"మీరు చెప్తారు," అంది ఆవిడ. అందులో ప్రశ్నార్థకం లేదు, నమ్మకమూ లేదు.

వేలం రోజు నేనూ వెళ్ళాను. గోదాం పైకప్పు రేకులు ఎండకు టకటకమంటున్నాయి. ముందు వరసల్లో దళారులు, గోడ వెంట సామాను, ఒక మూల చిన్న బల్ల దగ్గర కంప్యూటరు ముందు ఒక అమ్మాయి. దూరాన ఎక్కడెక్కడి నుంచో ఫోన్లలో పాడేవాళ్ళ పాటలన్నీ ఆ అమ్మాయి నోటి గుండా వస్తాయి. 'ఆన్‌లైన్' అని చెయ్యి ఎత్తుతుంది. వంద ఊళ్ళ ఆశలు ఆ ఒక్క ముక్కలో ఇముడుతాయి.

మాస్టర్ వేలం ఆయన దగ్గరికి వెళ్ళడం చూశాను. చెప్పడానికే వెళ్ళాడు. వేలం ఆయన భుజం తట్టి, "గుర్తుంది కదా మాస్టర్," అన్నాడు. మాస్టర్ తల ఊపి వచ్చి కూర్చున్నాడు. చెప్పడం అయిపోయింది.

బల్ల వంతు వచ్చింది. మాస్టర్ ఒళ్ళో ఫోను వెలిగింది. ఆయనకు దగ్గరివి కనపడవు. కనపడాలంటే నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి రావాలి. వచ్చింది. వేదిక మీద వేలం ఆయన సంతోషంగా చూసి, "హాల్లో పాట," అన్నాడు.

ఎక్కడో కాఫీ దుకాణం అలంకరించే ఆయనెవరో ఆన్‌లైన్‌లో పెంచాడు. హాల్లో ఇంకో మెట్టు. మళ్ళీ ఆయన. మళ్ళీ హాలు. ఆ దెబ్బకు కాఫీ ఆయనకు ఆ గీతల్లో అంత చరిత్ర కనపడలేదు, తప్పుకున్నాడు. కథ అక్కడితో అయిపోవాలి. వేలం ఆయన ఒకటోసారి అన్నాడు కూడా.

కానీ అంతసేపూ బొత్తాం వెతుక్కుంటున్న మాస్టర్ ఫోను తెర ఎర్రగా ఉంది. హాల్లో ఎవరో పాడేశారు. ఆయన పచ్చ బొత్తాం నొక్కాడు.

"ఆన్‌లైన్," అంది అమ్మాయి.

వేలం ఆయన మాస్టర్ వైపు చూశాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. "హాల్లో," అన్నాడు.

తెర ఎర్రబడింది. మాస్టర్ నొక్కాడు.

వేలం ఆయన తన వైపే చూస్తున్నట్టుంది గానీ, ఆ చూపు తన వెనక మనిషి కోసమని మాస్టర్ అనుకున్నాడు. వెనక వరసలో గొడుగు మీద గడ్డం ఆనించుకుని ఒక ముసలాయన కునుకు తీస్తున్నాడు. మాస్టర్ తిరిగి ఆయన్ని ఒక చూపు చూశాడు. జీవితంలో ఎవరినీ అలా చూసి ఉండడు. పాపం, ఆ గొడుగాయన ఎండ తప్పించుకుందామని లోపలికి వచ్చినవాడు.

ఆన్‌లైన్. హాల్లో. ఆన్‌లైన్. హాల్లో. దళారులు కూడా మాటలాపి చూడడం మొదలుపెట్టారు. ఆ దిక్కుమాలిన బల్లలో బంగారమేమన్నా దాచారా అని ఒకడు లేచి దాని కిందికి వంగి చూసి వచ్చాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళ గురించి విన్నాను గానీ, చంకలో పిల్లతోనే కుస్తీ పట్టినవాణ్ణి అప్పుడే చూశాను. అనుకున్నది ఎప్పుడో దాటిపోయింది. "మావయ్యా, వదలొద్దు" అని అల్లుడి దగ్గర్నుంచి సందేశం. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం పాత సామెత. ఆఫీసులో కూర్చుని చెయ్యడం కొత్త వసతి.

చివరికి చెమటే మాస్టర్ని కాపాడింది. అద్దాలు మసకబారితే కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. వేలం ఆయన ఆ ముక్కు వైపు జాలిగా చూశాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. "ఆన్‌లైన్‌కి," అని సుత్తి కొట్టాడు.

మాస్టర్ కళ్ళజోడు పెట్టుకునేసరికి ఫోను తెర మీద, గెలిచారంటూ, రంగుకాగితాలు రాలుతున్నాయి. వెనక్కి తిరిగి గొడుగాయనకు ఒక నవ్వు చూపించి, వేదిక దగ్గరికి నడిచాడు.

"మాస్టర్, క్షమించాలి," అన్నాడు వేలం ఆయన కిందికి దిగి. "చాలా దూరం వెళ్ళారు. ఇంత పట్టుందని నేననుకోలేదు. ఆ ఆన్‌లైన్‌వాడెవడో మొండి వెధవ."

"నేనే సార్," అన్నాడు మాస్టర్.

"ఏది మీరు?"

"ఆన్‌లైన్."

వేలం ఆయన పెద్ద గొంతు లోపలెక్కడో తప్పిపోయింది. కాసేపటికి దొరికింది. "మరి హాల్లో నేను ఎవరి తరఫున పాడినట్టు?"

మాస్టర్ గొడుగాయన వైపు చూపించబోయి, చెయ్యి సగంలో ఆగి, ముక్కు మీద కళ్ళజోడు తడుముకున్నాడు.

నేరుగా హాల్లోనే రెండుసార్లు పొరపాటున పాడి ఉంటే వేలం ఆయన నవ్వేసి వెనక్కి తీసుకునేవాడే. ఆ మాట ఆయనే అన్నాడు. కానీ మధ్యలో కంపెనీ ఉంది, దాని దగ్గర నొక్కింది నొక్కిందే. అల్లుడు ఫిర్యాదు రాశాడు. మీ అనుభవం మాకెంతో ముఖ్యం అని జవాబు వచ్చింది. మళ్ళీ రాశాడు. మీ ఓపికకు ధన్యవాదాలు అని వచ్చింది. మీరు మనిషేనా అని రాశాడు. మీ ప్రశ్న అర్థం కాలేదు, కింది వాటిలో ఒకటి ఎంచుకోండి అని వచ్చింది. హాల్లో అయితే తిట్టడానికి ఒక ముఖం ఉంటుంది. తెరకు ముఖం లేదు, మర్యాద మాత్రం అపారం.

ఆ రేటుకు కొంటే బల్ల ఉంటుంది, దాని మీద పరిచే గుడ్డకు ఏమీ మిగలదు. కొనకపోతే బల్ల లేదు. మింగలేక కక్కలేక మాస్టర్ మర్నాడు భార్యను వెంటబెట్టుకుని హాలుకి వెళ్ళాడు. దారిలో కలిశానని నన్నూ రమ్మన్నాడు. నేను కలిసేలాగే నిలబడ్డాను.

వేలం ఆయన గోడకు వేలాడే నిబంధనల పలక చూపించాడు. "నేను మీకు సలహా ఏమీ ఇవ్వట్లేదమ్మా. ఊరికే చదువుతున్నానంతే. గెలిచిన పాటదారు గడువులోగా డబ్బు కట్టనిచో, సరుకును అతని తర్వాతి పాటదారుకు అతని పాట ధరకే ఇవ్వజూపవలెను. అతడు కాదన్నచో ఆ తర్వాతి పాటకు. ఆ విధముగా కిందికి."

ఆవిడ మెల్లగా విడదీసింది. "ఈయన కట్టకపోతే ఈయన తర్వాతివాడికి ఇస్తారు. ఈయన తర్వాతివాడెవరు?"

"ఈయనే."

"ఆయన కాదంటే?"

"ఆ తర్వాత ఫోనాయన. కట్టని ఫోనాయన్ని కంపెనీ నిషేధిస్తుంది, కాబట్టి లెక్కలో లేడు. ఆ తర్వాత మళ్ళీ ఈయన."

మాస్టర్ ముఖం వాడిపోయింది. "నొక్కాను కదండీ. మాటిచ్చినట్టే కదా. కట్టకపోతే ఎలా?"

"నలభై ఏళ్ళుగా మనుషులకి రేపు రేపని చెప్పినప్పుడు లేని పట్టింపు," అంది ఆవిడ, "ఇవాళ ఫోనుకొచ్చిందా?"

కంపెనీ మొదట అభినందించింది, తర్వాత గుర్తుచేసింది, తర్వాత హెచ్చరించింది, చివరికి మాస్టర్ని నమ్మదగని పాటదారుగా ప్రకటించి శాశ్వతంగా గెంటేసింది. గడువు దాటిన ఉదయం మేము మళ్ళీ ఆ గోదాంలో ఉన్నాం. బల్ల అమ్ముతున్న చిన్న యజమాని కూడా వచ్చాడు. వేలం ఆయన కోటు బొత్తాలు పెట్టుకుని వేదికెక్కాడు. ఈ నలుగురైదుగురి కోసం ఎక్కనక్కర్లేదు, కానీ కిందనుంచి ఆయనకు గొంతు రాదు.

"హాల్లో పాటదారు," అని మాస్టర్ని పిలిచి ఆఖరి పాట ధర చదివాడు. "తీసుకుంటారా?"

"మీ ఇష్టం సార్," అన్నాడు మాస్టర్.

"నా ఇష్టం కాదు మాస్టర్. అవునో, కాదో."

మాస్టర్ నోరు తెరిచాడు. చిన్న యజమాని ఆశగా ముందుకు వంగాడు. వాళ్ళ నాన్న దగ్గర ఇన్నేళ్ళు పనిచేసిన మాస్టర్‌ది ఏం నోరో ఆయనకు తెలుసు. మాస్టర్ భార్య, ఆయన నడుముకు చుట్టుకునే బెల్టు సంచిలోంచి తీసి, మడతలు సరిచేసి, ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దు," అన్నాడు మాస్టర్. సూది కింద పడ్డంత చప్పుడు.

"వినపడలేదు."

"వద్దు సార్."

"ఆన్‌లైన్ పాటదారు," వేలం ఆయన కంప్యూటరు అమ్మాయి వైపు తిరిగాడు. "నిషేధంలో ఉన్నారండి," అంది ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ. "హాల్లో పాటదారు, తీసుకుంటారా?" అన్నాడు ఆయన మళ్ళీ మాస్టర్ వైపు తిరిగి.

"వద్దు."

ఇదేం పద్ధతని చిన్న యజమాని లేచాడు. వేలం ఆయన వేలితో పలక చూపించాడు. కిందికి దిగే వేలాలు కొత్త కాదు. పూల సంతల్లో రోజూ అలాగే అమ్ముతారు, ధర దిగుతూ వస్తుంటే ఆగలేనివాడు పలుకుతాడు. కాకపోతే అక్కడ కొనేవాళ్ళు వేరే వేరే మనుషులు.

మెట్టు మెట్టుకీ మాస్టర్ గొంతు పెరిగింది. వద్దు. వద్దు. అడగకముందే వద్దు. ముసలితనంలో ఈత నేర్చుకున్నవాడు నీళ్ళలోంచి బయటికి రానట్టు, ఆయనకు ఆ మాట రుచి తగిలింది. కాఫీ దుకాణం ఆయన ఆగిన చోటికి ఒక్క మెట్టు పైన, అసలు నిజంగా పాడాల్సిన ధర దగ్గరికి వచ్చాం. ఇది కాదంటే తర్వాతి పిలుపు కాఫీ ఆయనకే.

"తీసుకుంటారా?"

"వద్దు," అన్నాడు మాస్టర్ ఛాతీ విరుచుకుని.

ఆవిడ చెయ్యి ఆయన తొడ మీద ఏం చేసిందో నాకు కనపడలేదు, ఆయన మాత్రం కుర్చీలోంచి ఒక బెత్తెడు లేచాడు. అదే క్షణాన వేలం ఆయనకు భయంకరమైన దగ్గు వచ్చింది. నేను కూడా, న్యాయం కోసం, కొంచెం దగ్గాను.

"దగ్గులో వినపడలేదు మాస్టర్. ఏమన్నారు?"

"సరే సార్," అన్నాడు మాస్టర్.

బల్ల ముందుగదిలోకి వచ్చింది. గదిలో ఇంక బల్లే ఉంది, మనుషులు గోడ వెంట నడుస్తారు. ఒక ఆదివారం అల్లుడు వచ్చాడు. ఆ కంపెనీ చేసిన అవమానం ఆయనకింకా చల్లారలేదు.

"జీవితకాల నిషేధమట మావయ్యా. ఎంత మాట."

"ఎవరి జీవితకాలమండీ, వాళ్ళదా, నాదా?"

"మీదే."

"అయితే ఎంతోకాలం కాదులెండి."

"అలా కాదు. అత్తయ్య పేరు మీద ఇంకోటి తెరుద్దాం. దుకాణంలోని ఇస్త్రీ పెట్టె ఒకటి ఇంకా అమ్ముడవలేదట, వచ్చే వారం మళ్ళీ పెడుతున్నారు."

మాస్టర్ బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తున్నాడు. నడుము నిటారుగా ఉంది. కళ్ళజోడు ముక్కు మీద ఉంది. ఇక్కడ దాన్ని చూసి ఎవరూ పాట పెంచరు.

"వద్దులెండి అల్లుడుగారూ," అన్నాడు.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అల్లుడితో ఈ ఇంట్లో ఎవరూ అంత మాట అని ఎరగరు. అల్లుడు కాళ్ళ వైపు చూసుకున్నాడు. పంట్లాం అంచు మడమ కింద తొక్కుడు పడుతోంది, కాస్త పైకి మడిచి కుట్టిస్తారా మావయ్యా అని అడిగాడు. మాస్టర్ ఆయన్ని బల్ల మీదికి ఎక్కి నిలబడమన్నాడు, అంత కిందికి తను వంగలేడు కనుక. పెద్ద ఉద్యోగస్థుడు చెప్పులు విడిచి, ఆ చరిత్ర గల గీతల మీద, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాస్టర్ ఆయన చుట్టూ తీరిగ్గా ఒక ప్రదక్షిణం చేశాడు.